తెగ ప్రభుత్వం, కౌంటీ: ప్రజారోగ్యం పంచుకోవడానికి ఏ పద్ధతి మేలు?

సియాటిల్ వైపు ఉండే మన తెలుగువాళ్లు సెలవు దొరికితే ఒలింపిక్ ద్వీపకల్పానికి వెళ్తుంటారు. లా పుష్ బీచ్‌లో ఫొటోలు దిగుతారు, కేప్ ఫ్లాటరీ దాకా నడుస్తారు. లా పుష్ క్విల్యూట్ అనే అమెరికా ఆదివాసీ తెగది, కేప్ ఫ్లాటరీ మకా తెగది. అక్కడ రిజర్వేషన్ అంటే సీట్ల కోటా కాదు, తెగ సొంత భూభాగం. మన ఏజెన్సీలో ఐటీడీఏ రాష్ట్ర ప్రభుత్వంలో భాగం. అక్కడి తెగ కౌన్సిల్ మాత్రం తనే ఒక ప్రభుత్వం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది; దాని హెల్త్ ఆఫీసర్ ఆర్డరేస్తే తెగ పాటించాలన్న రూలు లేదు.

ఒక శుక్రవారం సాయంత్రం ఊహించుకోండి. రిజర్వేషన్‌లో అమ్మమ్మ దగ్గర ఉండే పిల్లాడికి కోరింత దగ్గు అని తేలింది. చదివేది పక్క టౌన్‌లో. ల్యాబ్ రిపోర్టు కౌంటీ ఆఫీసుకు వచ్చింది. ఇంట్లో నెలల బిడ్డ ఉంటే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే మందు మొదలుపెట్టాలి. ఆ ఇంటికి ఎవరు వెళ్లాలి?

మొదటి పద్ధతి, ఎవరి పని వాళ్లదే అనుకోవడం. అలాగైతే కౌంటీ నర్సుకు ఆ గడప తొక్కే అధికారం ఉందో లేదో తెలియదు. తెగ క్లినిక్‌కు కబురు సోమవారం అందుతుంది. ఆ రెండు రోజులే నాకు టెన్షన్. అయినా ఈ పద్ధతిని తీసిపారెయ్యలేను. 2020 మార్చిలో మకా తెగ తన ఊరు నియా బేకు బయటివాళ్లను రానివ్వకుండా దారి మూసేసింది. రెండేళ్ల పాటు తెరవలేదు. పెద్దవాళ్లను కాపాడుకోవాలని వాళ్లే తీసుకున్న నిర్ణయం అది. అధికారం కౌంటీకి అప్పగించి ఉంటే అది అంత సులువయ్యేది కాదు.

రెండోది, డబ్బు కట్టి పని చేయించుకోవడం. కొన్ని వందల మందే ఉన్న తెగ అన్ని రకాల నిపుణులనూ జీతమిచ్చి పెట్టుకోలేదు. హోటళ్ల తనిఖీ, నీటి పరీక్ష లాంటివి కౌంటీకి కాంట్రాక్టు ఇస్తే బాగానే నడుస్తుంది, ఎందుకంటే పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో స్పష్టంగా ఉంటుంది. రోగి ఎవరెవరిని కలిశాడో ఆరా తీసే పని అలాంటిది కాదు. ఒకప్పుడు ప్రభుత్వం పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లి బోర్డింగ్ స్కూళ్లలో పెట్టిన చరిత్రను ఆ కుటుంబాలు మర్చిపోలేదు. తెలియని సర్కారు మనిషి తలుపు తట్టి నోరు విప్పమంటే ఎలా?

పైగా కాంట్రాక్టు అనగానే కౌంటీ ఇచ్చేది, తెగ పుచ్చుకునేది అనుకుంటారు. అదే ద్వీపకల్పంలోని స్క్విమ్ పట్టణంలో జరిగింది దానికి తలకిందులు. 1975 చట్టం వచ్చాక తెగలు ఫెడరల్ (అంటే కేంద్ర) ప్రభుత్వ ఆరోగ్య సేవలను తామే నడుపుకునే వీలు కలిగింది. జేమ్స్‌టౌన్ స్క్లాలం తెగ స్క్విమ్‌లో నడిపే క్లినిక్‌లో ఊరివాళ్లందరికీ వైద్యం చేస్తారు. అదే తెగ మాదకద్రవ్యాల అలవాటుకు చికిత్స చేసే క్లినిక్ కడతామంటే ఊళ్లో గట్టి వ్యతిరేకత వచ్చింది. 2021 ఆరంభంలో కోవిడ్ టీకాలొచ్చినప్పుడు కౌంటీతో, సిటీతో కలిసి అక్కడ డ్రైవ్ త్రూ శిబిరం నడిపించింది కూడా ఈ తెగే. కార్ల అద్దాలు దించి చెయ్యి చాపిన పెద్దవాళ్లలో ఎక్కువమంది తెగవాళ్లు కారు. వద్దన్న క్లినిక్ కూడా 2022లో తెరుచుకుంది.

నేను మొగ్గేది మూడో పద్ధతికి: పరస్పర సాయం ఒప్పందం. ఈ ద్వీపకల్పం చుట్టుపక్కలే క్లాలం, జెఫర్సన్, కిట్సాప్ కౌంటీలు, ఏడు తెగలు కలిసి అలాంటిది రాసుకున్నాయి. ఆపద వస్తే మనుషుల్ని, సామగ్రిని ఒకరికొకరు పంపుకోవచ్చు. సాయం అడిగినంత మాత్రాన ఎవరి అధికారమూ తగ్గదు. అందరినీ కలిపి ఒకే ఉమ్మడి శాఖ చేస్తే ఖర్చు కలిసిరావచ్చు, కానీ ఓట్లలో చిన్న తెగ మాట నెగ్గదు. అందుకే అది నాకు నచ్చదు.

ఒప్పందం చేతికొస్తే నేను మొదట చూసేది రిపోర్టుల సంగతి. కౌంటీకి చేరిన ల్యాబ్ ఫలితం ఎన్ని గంటల్లో తెగ క్లినిక్‌కు వెళ్లాలి? చిన్న తెగలో 'ఒక కేసు' అని పేపర్లో వేస్తే ఆ ఒక్కరెవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. కాబట్టి ఏ అంకె బయటపెట్టాలో తేల్చే హక్కు తెగకే ఉండాలి. రెండోది, రాత్రిపూట, శనాదివారాల్లో ఎత్తే ఫోన్ నంబర్లు. అవి పాతబడకుండా ఏటా ఒకసారి చేసి చూడాలి.

అవి ఉంటే ఆ శుక్రవారం కౌంటీ నర్సు ఒక్క ఫోన్ చేస్తుంది. అమ్మమ్మకు బాగా తెలిసిన తెగ నర్సు చీకటి పడేలోపు మందులు పట్టుకుని వెళ్తుంది. టౌన్‌లో బడి సంగతి కౌంటీ చూసుకుంటుంది.