ఈఎంఐ ఫిల్టరా, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరా?

ఇంట్లో కరెంటు వల్ల మ్యూజిక్ సిస్టమ్‌లో గోల వస్తుంటే ఈ రెండింటిలో ఏది పెట్టాలి? ముందు స్పీకర్లో ఏ గోల వస్తోందో వినండి. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినా, చవక ఎల్ఈడీ బల్బు వేసినా చిరచిరమంటే ఈఎంఐ ఫిల్టర్ (కరెంటు తీగలో వచ్చే విద్యుదయస్కాంత గోలను తగ్గించేది) ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ ప్రయత్నించొచ్చు. చిన్నది, చవక. కానీ అందులోని చోక్, కెపాసిటర్లు ప్రధానంగా 150 కిలోహెర్ట్జ్ పైన పనిచేస్తాయి, అందుకే 50 హెర్ట్జ్ 'హమ్మ్' మీద దాని ప్రభావం సున్నా, పైగా ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే అందులో ఎర్త్‌కు కలిపిన కెపాసిటర్లు గోలను పంపేయడానికి దారే ఉండదు.

230 వోల్టుల ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఇటు తీగచుట్టకూ అటు తీగచుట్టకూ నేరుగా కలయిక లేనిది) సంగతి వేరు. కరెంటులో కొద్దిగా కలిసిన డీసీని (ఒకే దిశలో పారే కరెంటును) అవతలికి పోనివ్వదు, దానివల్ల యాంప్లిఫయర్‌లోని టొరాయిడల్ (రింగు ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమనడం ఆగుతుంది. బరువెక్కువ, ఖరీదెక్కువ, ఒక్కోసారి అదే గుర్రుమంటుంది (ఇదో తలనొప్పి).

టీవీ కేబుల్ పీకగానే హమ్ పోయిందా? అది గ్రౌండ్ లూప్, అంటే రెండు దారుల్లో ఎర్త్ కలిసి చుట్టులా ఏర్పడటం. ఎర్త్ తీగ నేరుగా అవతలికి వెళ్లే ట్రాన్స్‌ఫార్మర్ కూడా దాన్ని ఆపదు, కేబుల్ దారిలో పెట్టే చిన్న ఐసోలేటర్ చాలు. ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

నేనైతే ఎర్తింగ్ చూపించుకుని, ఫిల్టర్‌తోనే మొదలుపెడతాను.