రెండు అలిపిరిలకు పైనే: మ్యాపులు ముందేసుకుని వెళ్ళిన కుమార పర్వతం

“పదమూడు కిలోమీటర్లే కదా అక్కా! కబ్బన్ పార్కులో రోజూ ఎనిమిది నడుస్తున్నా” అన్నాడు మా తమ్ముడు, కర్ణాటక పశ్చిమ కనుమల్లోని కుమార పర్వతం మాటెత్తగానే. నేను లాప్‌టాప్ వాడి వైపు తిప్పి మ్యాపులో ఎత్తును చూపే గోధుమరంగు గీతలు చూపించాను. “కుక్కే దగ్గర మొదలుపెట్టి శిఖరం దాకా ఈ గీతలు లెక్కపెట్టు” అన్నాను. పెన్ను మొన ఆనించి లెక్కపెడుతూ పోయాడు. ముప్ఫై దాటాక గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపించేసరికి ఆపేశాడు. గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. కుక్కే కొండల అడుగున ఉన్న ఊరు, శిఖరం 1,712 మీటర్లు. ఎక్కాల్సింది 1,500 మీటర్లకు పైనే, అంటే 75 గీతలకు తక్కువ కాదు.

అయినా వాడికి ఎక్కలేదు. అప్పుడు అలిపిరి లెక్కలో చెప్పాను. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఎంతసేపు కూర్చున్నాడో వాడికి బాగా గుర్తు. “ఇది రెండు అలిపిరిలకు పైనే రా. మెట్లుండవు, పైన రేకుల నీడ ఉండదు, దారిలో అంగళ్ళుండవు” అన్నాక సర్దుకుని కూర్చున్నాడు.

బెంగళూరులో మన తెలుగువాళ్ళు చాలామంది శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం కొండెక్కుతారు. ఎవరో పెట్టిన వీడియో చూసి, కిలోమీటర్లు చూసి, బూట్లు కొనుక్కుని బయలుదేరతారు. ఎంత ఎత్తు ఎక్కాలి, నీడ ఎక్కడ అయిపోతుంది, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి అనేవి ఇంట్లో కూర్చునే, డబ్బు ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. మారతహళ్ళిలో మా వంటిల్లు సర్దుకున్నాక రోజుకో గంట చొప్పున మూడు వారాలు నేను చేసింది అదే.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు. 1767లో మొదలైన సంస్థ అది, డెహ్రాడూన్‌లో ఉంది. 1:50,000 స్కేలు షీట్లను ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. షీటు మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. గుర్తులు అలవాటు కావడానికి ఒక సాయంత్రం పడుతుంది. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, గోధుమరంగు; కాలిబాట ఎర్రటి చుక్కగీత. నీళ్ళుండే వాగు నీలం, ఎండిపోయే వాగు నలుపు. ఈ నీలం నలుపు తేడా గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను. షీటుతో ఇబ్బంది ఏమిటంటే సర్వే పాతది కావచ్చు, కొత్త రోడ్లు కనిపించకపోవచ్చు. కొండ ఆకారం మాత్రం మారదు కదా.

రెండోది గూగుల్ ఎర్త్. కంప్యూటర్‌లో వేసుకునే వెర్షన్‌లో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు కూడా ఉంటాయి. దారి వెంట గీత గీస్తే ఎక్కడ ఎంత ఏటవాలో గ్రాఫు వేసి చూపిస్తుంది. కుమార పర్వతం విషయంలో అది నాకు చేసిన పెద్ద సాయం నీడ సంగతి చెప్పడం. కుక్కే నుంచి దాదాపు సగం దారి ముదురాకుపచ్చ. భట్టర మనె అనే ఇల్లున్న చోటు దాటాక రంగు ఒక్కసారిగా లేత గోధుమకు మారిపోతుంది. అడవి అయిపోయి గడ్డి కొండలు మొదలయ్యే చోటు అది. అక్కడినుంచి తల మీద చెట్టు లేదు. అందుకే ఎండ ముదరకముందే ఆ గీత దాటాలని, తెల్లారకముందే గేటు దగ్గర ఉండాలని ముందే అనుకున్నాం. ఆ గడ్డి మీద కాలిబాట కూడా తెల్లటి దారప్పోగులా స్పష్టంగా కనిపిస్తుంది. అడవిలో మాత్రం ఎంత పెద్దది చేసినా చెట్ల తలలు తప్ప ఏమీ కనపడవు.

ఉపగ్రహ చిత్రం చూసేటప్పుడు కళ్ళు మోసపోయే చోటొకటి ఉంది. మన వైపు, ముఖ్యంగా చలికాలంలో, సూర్యుడు దక్షిణం నుంచి కొడతాడు. నీడలు ఉత్తరానికి, అంటే తెర పైభాగానికి పడతాయి. మన కంటికేమో వెలుగు పైనుంచి పడటం అలవాటు. దాంతో లోయ గట్టులాగా, గట్టు లోయలాగా కనిపిస్తాయి. నేను ఒక సాయంత్రమంతా, కుమార పర్వతానికి ముందు దారిలో వచ్చే శేషపర్వతం పక్క లోయను కొండ వెన్ను అనుకుని దారి గీశాను. దక్షిణం పైకి వచ్చేలా మ్యాపును తిప్పగానే లోయ లోయలా కిందికి దిగిపోయింది. అనుమానం వచ్చిన ప్రతిసారీ తిప్పి చూడండి.

హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) నడిపే ఇస్రో మ్యాపుల సైటు భువన్ కూడా తెరిచాను. 2009 నుంచి ఉన్న మన సొంత సర్వీసు. కాలిబాటలు వెతకడానికి నా చేతికి గూగుల్ ఎర్త్ తేలికగా అనిపించింది.

యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు వేరే పనికి వస్తాయి. 10 మీటర్లు ఒక చుక్కగా కనిపిస్తాయి కాబట్టి దారి కనపడదు. కానీ అయిదు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది, మబ్బు లేకపోతే కిందటి వారం కొండ ఎలా ఉందో తెలుస్తుంది. గడ్డి పచ్చగా ఉందా, ఎండిందా, ఎక్కడైనా కాలిందా అని చూసుకోవచ్చు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో మంటలు చుట్టుముట్టి ట్రెక్‌కు వెళ్ళినవాళ్ళు చనిపోయారు, వాళ్ళలో చెన్నై నుంచి వెళ్ళినవాళ్ళున్నారు. ఎండు గడ్డి కొండ అంటే ఏమిటో అది తలుచుకుంటే చాలు. అందుకే ఎండాకాలంలో నేను గడ్డి కొండల జోలికి పోను.

ఫోన్‌లో ఓస్మ్‌అండ్ అనే మ్యాపుల యాప్ వేసుకున్నాం. కర్ణాటక మ్యాపు, కాంటూర్లు ఇంట్లో వైఫై మీదే దించి పెట్టుకున్నాం. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెడితే బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. ఇలాంటి ఉచిత మ్యాపుల్లో మన ప్రాంతానికి కాంటూర్లు ఎక్కువగా 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచిన లెక్కల నుంచి వస్తాయి. సుమారు 30 మీటర్లకు ఒక కొలత. దట్టమైన అడవిలో ఆ రాడార్ కొలిచింది నేలను కాదు, చాలాచోట్ల చెట్ల తలల్ని. పది మీటర్ల బండ ఉంటే ఆ గీతల మధ్య మాయమైపోతుంది.

ముందుగా ఒక ఆదివారం మాగడి దగ్గర సావనదుర్గ మీద సాధన చేశాం. 1,226 మీటర్ల రాతి కొండ అది. ఉపగ్రహ చిత్రంలో బూడిదరంగు బండ తప్ప ఏమీ లేదు, కాంటూర్ గీతలు మాత్రం ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో సరిగ్గా చెప్పాయి. మ్యాపు చదవడం నేర్చుకునేవాళ్ళకు బెంగళూరు దగ్గర ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. వాన పడిన రోజు వద్దు, బండ జారుతుంది.

ఇక పర్మిట్. 2024 జనవరి రిపబ్లిక్ డే సెలవుల్లో కుమార పర్వతం మీద జనం పోటెత్తాక కర్ణాటక అటవీ శాఖ కొంతకాలం ట్రెక్ ఆపేసి, తర్వాత ఆన్‌లైన్ టికెట్ తప్పనిసరి చేసింది. అరణ్య విహార సైట్‌లో తీసుకోవాలి. ఇది పుష్పగిరి అభయారణ్యం. టోపోషీట్ మీద ఎర్ర చుక్కగీత ఉంది కదా అని ఏ పక్కనుంచైనా దూరిపోవడం నేరం, ప్రమాదం కూడా. నేను మ్యాపుల్లో చూసిన మిగతా దారులన్నీ చూడటం వరకే.

డిసెంబరులో వెళ్ళాం. బెంగళూరు నుంచి రాత్రి బస్సు హాయిగా సాగింది. రైలైతే సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్ నుంచి గుడికి ఇంకో పన్నెండు కిలోమీటర్లు ఆటోలోనో జీపులోనో రావాలి. కానీ పగటి రైలు దొరికితే సకలేశపుర ఘాట్ సెక్షన్ కోసమైనా ఎక్కండి. బస మాత్రం బాధపెట్టింది. కుక్కే అంటే సర్పదోష పూజలకు మనవాళ్ళు నిత్యం వచ్చే ఊరు, శనివారం గదులు దొరకవు. పదిహేను రోజుల ముందు డబ్బు కట్టిన లాడ్జిలో గది ఖాళీ కాలేదని గంటన్నర రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. వేడినీళ్ళన్నారు, రాలేదు. మేం నీడ కోసం లెక్కపెట్టుకున్న చల్లటి గంటన్నర అలా పోయింది. శుక్రవారం మధ్యాహ్నానికే చేరుకుని రాత్రి నిద్రపోయి లేవడం మంచిది.

చెక్‌పోస్టు దగ్గర గుర్తింపు కార్డులు, సంచుల్లో ప్లాస్టిక్ చూశారు. సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. భట్టర మనెలో భోజనానికి ముందే ఫోన్ చేసి చెప్పుకున్నాం. అన్నం, సాంబారు, మజ్జిగ, అంతే. ఆ సాంబారు వేడి, ఆ మజ్జిగ చల్లదనం నేను మర్చిపోను. ఏ రిసార్టు బఫే ఇవ్వని తృప్తి అది.

తప్పు జరిగింది దారిలోని కల్లు మంటపం (రాతి మంటపం) దాటాక, అది పూర్తిగా నాది. శేషపర్వతం కింద గడ్డి వాలు మధ్యలో ముదురాకుపచ్చ చార ఒకటి గూగుల్ ఎర్త్‌లో చూసి, వాగు ఉంటుందనుకుని “నీళ్ళు 2” అని గుర్తు పెట్టుకున్నాను. టోపోషీట్ మీద అక్కడ గీత నల్లగా ఉంది. చూశాను, పాత సర్వేలే అనుకున్నాను. ఆ నమ్మకంతోనే మంటపం దగ్గర సీసాలన్నీ నింపలేదు. తీరా వెళ్తే పొదలు, నల్లటి గులకరాళ్ళు, ఒక రాతి అడుగున చేతికి చల్లగా తగిలే తడి నాచు. అంతే. తమ్ముడు వేలితో ఆ నాచు నొక్కి చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అరగంట తర్వాత వాడి పిక్క పట్టేసింది.

శేషపర్వతం మీదికి చేరేసరికి పన్నెండున్నర. ఎక్కడున్నా ఆ టైముకు వెనక్కి తిరగాలని ఇంట్లోనే అనుకున్నాం. ఎదురుగా కుమార పర్వతం, మధ్యలో షోలా అడవి, అంటే కొండ మడతల్లో గుబురుగా పెరిగే చిన్న అడవి. అటునుంచి వస్తున్న ఇద్దరు ఆడపిల్లలు చివర్లో తడి బండ ఉందని, చేతులు కూడా వాడి ఎక్కామని చెప్పారు. నా కాంటూర్లలో ఆ బండ లేదు. “అక్కా, నువ్వు వెళ్ళిరా, నేనిక్కడ కూర్చుంటా” అన్నాడు. ఇద్దరి మధ్యా ముప్పావు లీటరు నీళ్ళున్నాయి. తిరిగి వచ్చేశాం. చీకటి పడకముందే కుక్కే చేరాం.

మొన్న రాత్రి వాడి నుంచి వాట్సాప్‌లో టోపోషీట్ ముక్క వచ్చింది. కొడగులో తడియాండమోల్, 1,748 మీటర్లు. గీతలన్నీ తనే లెక్కపెట్టాడట. “శిఖరం ఎత్తు ఎక్కువే అక్కా, కానీ మొదలయ్యే చోటే బాగా పైన ఉంది. మనం ఎక్కేది ఒక అలిపిరికి అటూ ఇటూ” అని రాశాడు. వాగులు ఏ రంగులో ఉన్నాయో చూసి చెప్పమన్నాను.