ఇంటి స్టూడియోకి ఏ డిఫ్యూజర్: క్వాడ్రాటిక్ రెసిడ్యూనా, ప్రిమిటివ్ రూటా?

వెనక గోడ నుంచి శబ్దం సూటిగా తిరిగి రాకుండా చెదరగొట్టాలంటే, లోతులు వేరువేరుగా ఉన్న అరల ప్యానెల్, అంటే డిఫ్యూజర్, కావాలి. ఆ లోతులు ఎంతో తేల్చేది లెక్క.

క్వాడ్రాటిక్ రెసిడ్యూ పద్ధతి జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌ది. 0 నుంచి 6 వరకు అంకెల వర్గాలను 7తో భాగిస్తే శేషాలు 0, 1, 4, 2, 2, 4, 1. ఒక్కో శేషం ఒక్కో అర లోతు, యూనిట్లలో. 500 హెర్ట్జ్‌కి డిజైన్ చేస్తే ఒక్కో యూనిట్ 4.9 సెంటీమీటర్లు, అంటే అత్యధిక లోతు 19.6. లోతులు జంటలుగా వస్తాయి కాబట్టి చెక్కలు రెండేసి ఒకే కొలతకు కోసుకోవచ్చు, ఇది నాకు చాలా నచ్చింది.

ప్రిమిటివ్ రూట్‌లో 3 ఘాతాలను 7తో భాగించాలి: 1, 3, 2, 6, 4, 5. ఆరు అరలు, ఆరు లోతులు, అదే 500 హెర్ట్జ్‌కి గరిష్ఠంగా 34 సెంటీమీటర్లు! సూటి ప్రతిధ్వనిని బాగా తగ్గిస్తుంది, నిజమే, కానీ ఆ లాభం డిజైన్ ఫ్రీక్వెన్సీ, దాని గుణిజాల దగ్గరే.

చిన్న గదికి నేను మొదటిదే చెప్తాను. ఏది కట్టినా అరల మధ్య పల్చని అడ్డుచెక్కలు మాత్రం మానేయొద్దు, అవి లేకపోతే లెక్క పనిచేయదు. అర వెడల్పు 5 సెంటీమీటర్లు పెడితే దాదాపు 3400 హెర్ట్జ్ వరకు లెక్క ప్రకారం నడుస్తుంది.