స్లీపింగ్ బ్యాగ్ లేబుల్ కింద ఇంకో లేబుల్: వైజాగ్ అమ్మలూ నాన్నలూ, జాగ్రత్త

పిల్లల స్లీపింగ్ బ్యాగులు (దుప్పటికి బదులు నిద్రలో ఒంటికి తొడిగి జిప్పు వేసేవి) అమ్మే ఆ పేజీ ఏదో మీకు చెప్పక్కర్లేదు. వైజాగ్ అమ్మల గ్రూపుల్లో పొద్దున లేస్తే కనిపించేదే. ద్వారకానగర్‌లో షాపు కూడా పెట్టారు. అక్కడి నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. కోపం తగ్గాక రాద్దామంటే ఈలోపు ఇంకెవరో ఆర్డర్ పెట్టేస్తారు. చలికాలం కదా, వాళ్ళకి ఇదే సీజను.

మా పాపకి రెండేళ్ళు నిండబోతున్నాయి. దుప్పటి కప్పడం ఆలస్యం, తన్నేస్తుంది. మళ్ళీ కప్పితే మళ్ళీ తన్నేస్తుంది. రాత్రంతా ఇదే పని. తెల్లవారుజామున లేచి చూస్తే మంచానికి అడ్డంగా తిరిగి, ఒంటి మీద ఏమీ లేకుండా ముడుచుకుని ఉంటుంది. వైజాగ్‌లో అయితే ఎలాగో నెట్టుకొస్తాం. జనవరిలో కూడా ఇక్కడ రాత్రి 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. కానీ మా ఆయనకి పాడేరు ట్రాన్స్‌ఫర్ అయ్యింది. సంక్రాంతి వెళ్ళగానే మేమూ వెళ్ళాలి. చోడవరం, మాడుగుల దాటి ఘాట్ ఎక్కారంటే అది వేరే లోకం. శీతాకాలంలో అక్కడ 10 డిగ్రీల కిందకి దిగిపోవడం మామూలే. అందుకే తన్నేయడానికి వీల్లేని స్లీపింగ్ బ్యాగులు తీసుకుందామనుకున్నాం.

రెండు కొన్నాను. ఇక్కడ వాడడానికి 1 టీఓజీది 1,499 రూపాయలు, పాడేరు కోసం 2.5 టీఓజీది 2,299. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, టీఓజీ అంటే ఒంటి వేడి బయటికి పోకుండా బట్ట ఎంత ఆపుతుందో చెప్పే కొలత. 1940ల్లో బ్రిటన్‌లో మొదలైంది. కంపెనీలు మామూలుగా చెప్పే లెక్క ఏమిటంటే, గది 24 డిగ్రీలు దాటి ఉంటే 0.5, 20 నుంచి 24 మధ్య అయితే 1, 16 నుంచి 20 మధ్య అయితే 2.5, ఇంకా చలైతే 3.5. నంబరు పెరిగేకొద్దీ లోపలి ఫిల్లింగ్ పొర మందంగా ఉండాలి. ధర పెరిగేది కూడా అందుకే.

కొనేముందు చాట్‌లో స్పష్టంగా అడిగాను. "లోపల ఫిల్లింగ్ కూడా కాటనేనా? పాలిస్టర్ అయితే మా పాపకి పడదు" అని. "లోపలా బయటా ప్యూర్ ఆర్గానిక్ కాటన్ మేడమ్, మా సొంత స్టిచింగ్" అని జవాబు వచ్చింది. ఆ మెసేజ్ నా ఫోన్లో ఇంకా ఉంది.

1 టీఓజీ బ్యాగు ఇక్కడే వేసి చూశాం. లోపల పలచటి బనీను ఒక్కటే. అర్ధరాత్రి గుక్కపట్టి ఏడుస్తుంటే లైటు వేసి చూశాను. నుదుటి మీద జుట్టు తడిసి అతుక్కుపోయింది, మెడ వెనక చెమట కారుతోంది. జిప్పు తీస్తే లోపల నుంచి వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. వీపంతా ఎర్రగా చెమటకాయలు. లోపలి బట్ట చేత్తో పట్టుకుంటే తడి తడిగా జారుతోంది, చెమటని ఒక్క చుక్క పీల్చలేదు. కాటన్ మామూలు గాలిలోనే తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అసలే మనది సముద్రపు గాలి, ఏడాది పొడుగునా తేమ. అలాంటి బట్టలో చెమట ఎటూ పోలేక ఒంటిమీదే నిలిచిపోతుంది, తెల్లవారుజామున చలి పెరిగాక ఆ తడే పిల్లని చల్లబరిచేస్తుంది. వెచ్చగా ఉండడానికని వేసిన బట్ట మా పాపని ముందు ఉడకబెట్టి, తర్వాత వణికించింది.

పొద్దున్నే అనుమానంతో రెండు బ్యాగులూ పక్కపక్కన పెట్టి నొక్కి చూశాను. మందం ఒకేలా ఉంది. వంటింట్లో పిండి తూచుకునే చిన్న కాటా మీద పెట్టాను. 1 టీఓజీది 310 గ్రాములు. 2.5 టీఓజీది కూడా 310 గ్రాములు. సైజు ఒకటే, బట్ట ఒకటే, బొమ్మలు మాత్రం వేరు.

అప్పుడు లేబుల్ చూశాను. మామూలుగా లేబుల్‌ని ఒక అంచు మాత్రమే కుట్టులో కలిపి వదిలేస్తారు, మిగతాది ఊగుతూ ఉంటుంది. ఇది నాలుగు వైపులా బిగించి కుట్టి ఉంది. బ్యాగు కుట్టంతా గులాబీ దారంతో ఉంటే ఈ లేబుల్ ఒక్కటీ తెల్ల దారం. గోళ్ళ కత్తెరతో దారాలు ఒక్కొక్కటీ తెంపాను. కింద ఇంకో లేబుల్ ఉంది. సన్నటి నైలాన్ ముక్క, సగానికి కోసేశారు. మిగిలిన సగంలో 'వంద శాతం పాలిస్టర్' అన్న అక్షరాలు ఇంగ్లీషులో కనిపిస్తూనే ఉన్నాయి. రెండో బ్యాగు లేబుల్ కూడా తెంపాను. కింద అదే ముక్క, అవే అక్షరాలు. ఎక్కడో హోల్‌సేల్‌లో ఒకే రకం సరుకు తెచ్చి, సగం వాటికి 1 అని, సగం వాటికి 2.5 అని లేబుళ్ళు కుట్టి అమ్ముతున్నారు. ఆ నంబరు మారినందుకు నా దగ్గర 800 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు.

మా ఆయన లోపలి ఫిల్లింగ్ నుంచి చిన్న పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంటకి చూపించారు. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో రాస్తే పొడి అయిపోయే మెత్తటి బూడిద మిగలాలి. ఇది ముడుచుకుని కరిగి, నల్లటి గట్టి పూసలా మిగిలింది. ప్లాస్టిక్ కాలిన కంపు ఇల్లంతా నిండింది. (పిల్లల్ని పక్క గదిలో ఉంచి, కిటికీ తీసి, ఒక్క పోగు మాత్రమే కాల్చండి.)

ఇంతవరకూ అయితే సరుకు మోసం అని ఊరుకునేదాన్నేమో. షాపులో జరిగింది వేరు.

రెండు బ్యాగులూ, బిల్లూ తీసుకుని వెళ్ళాను. ఓనరమ్మ కౌంటర్లోనే ఉంది. ఒక నిండు గర్భిణి, వాళ్ళమ్మగారు పక్కన నిలబడి పుట్టబోయే బిడ్డకి బట్టలు చూసుకుంటున్నారు. నేను గొంతు పెంచలేదు. లేబుల్ కింద లేబుల్ చూపించి, "చాట్‌లో కాటన్ అన్నారండి, ఇది పాలిస్టర్, రెండూ ఒకటే సరుకు, డబ్బులు వెనక్కి ఇచ్చేయండి" అన్నాను. ఆవిడ లేబుల్ వైపు చూడనేలేదు. 2.5 టీఓజీ బ్యాగు చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అందరి ముందూ. ముఖం చిట్లించి, "పాస్ కంపు కొడతాంది. వాడేసిన సరుకు తెచ్చి రిటర్నంటే ఏటమ్మా ఇది?" అంది.

అది మా పాప ఒంటికి ఒక్కసారి కూడా తగల్లేదు. పాడేరు వెళ్ళాక వేద్దామని కవర్లోనే దాచి, తూకం కోసం బయటికి తీసిన బ్యాగు అది. ఆ మాటే చెప్పాను. "వాడకపోతే లేబుల్ ఎవరు తెంపినట్టు? తెంపిన సరుకు మేం తీసుకోం, బిల్లు వెనకాల రాసుంది చూసుకోండి" అంది. మోసం బయటపడాలంటే ఆ లేబుల్ తెంపాలి. తెంపితే ఇక వెనక్కి తీసుకోరు. అంటే తెంపి చూసినవాళ్ళకి ఎప్పటికీ డబ్బు రాదు, తెంపనివాళ్ళకి మోసపోయామని ఎప్పటికీ తెలియదు.

పాడేరు చలికి ఇది ఆగదండీ, చిన్నపిల్ల అన్నాను. అప్పుడు ఆవిడ అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. "అంత చలికి ఆగని పిల్లని పాడేరెందుకు తీసుకెళ్తన్నారు? అక్కడ కోయోళ్ళ పిల్లలు బతకట్లేదా ఏటి?"

ఏజెన్సీ పిల్లలకీ చలి వేస్తుంది. వాళ్ళ అమ్మలు కూడా రాత్రిళ్ళు లేచి పిల్లల కాళ్ళు తడిమి చూసుకుంటారు. పిల్లల బట్టలు అమ్మి బతికే మనిషి నోటి నుంచి రావాల్సిన మాట కాదది. నాకు ఆ క్షణం మాట పెగల్లేదు. ఆ గర్భిణి వాళ్ళమ్మగారే నా చేతిలోంచి బ్యాగు తీసుకుని, రెండు లేబుళ్ళూ కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. తీసిపెట్టుకున్న బట్టలన్నీ కౌంటర్ మీద వదిలేసి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచారు. ఆ తల్లికి నా దండం.

నేను ఆటో ఎక్కేసరికి పేజీలో నన్ను బ్లాక్ చేసేశారు. వాళ్ళ పోస్టు కింద నేను రాసినది తీసేశారని మా వదిన ఫోన్ చేసి చెప్పింది.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ 2.5 నంబరు నమ్మి ఎవరైనా పిల్లని అరకులోనో, లంబసింగిలోనో రాత్రి పడుకోబెడితే? వెచ్చటి బ్యాగు ఉంది కదా అని లోపల పలచటి బట్ట వేసి, తామూ నిద్రపోతారు. అంత చిన్న ఒంట్లో వేడి పెద్దవాళ్ళ కంటే త్వరగా పోతుంది. వైజాగ్‌లో ఉక్కపెట్టి ఏడిపించిన బ్యాగే అక్కడ చలి ఆపదు. అందుకే ఇంత కోపం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నాను. 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు. బిల్లు వెనక 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉంటే భయపడిపోకండి. లోపం ఉన్న సరుకుని వెనక్కి తీసుకోనని అనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లులో గడువు రాయకపోతే చట్టమే 30 రోజులు ఇచ్చింది. ఆన్‌లైన్లో ప్రకటించినట్టు లేని సరుకు విషయంలో 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా మన వైపే ఉన్నాయి.

కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు. లేబుల్ ఒక అంచే కుట్టి ఉందా, చుట్టూ కుట్టారా చూడండి. రెండు టీఓజీలు కొంటుంటే షాపులోనే రెండూ తూచమనండి. మెడ దగ్గర పిల్ల తల లోపలికి జారేంత వదులు ఉండకూడదు, నిద్రలో తలకి హుడ్ గానీ మంకీ క్యాప్ గానీ వద్దు. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయని కంగారుపడి ఇంకో బట్ట వేయకండి, మెడ వెనకో, ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ పొడిగా, గోరువెచ్చగా ఉంటే చాలు. చెమట తగిలితే ఒక పొర తీసేయాలి. ఏడాది లోపు పిల్లలకైతే విడి దుప్పట్లు, బొంతలు పక్కలో అసలు వద్దు. బరువు నింపిన స్లీపింగ్ బ్యాగులు కూడా ఆ పేజీలో అమ్ముతున్నారు, చిన్నపిల్లలకి వాటి జోలికి వెళ్ళకండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చంటిపిల్లలకి అవి వాడొద్దనే చెప్పింది.

మేమైతే ప్రస్తుతానికి కాటన్ నైట్ డ్రెస్సు, దాని మీద ముందు వైపు గుండీలున్న ఊలు స్వెట్టర్, సాక్సులతో నడిపిస్తున్నాం. తన్నేయడానికి ఏమీ లేదు కాబట్టి పాప నిద్రపోతోంది. పాడేరుకి ఇది చాలదు. పూర్ణా మార్కెట్ వైపు నమ్మకంగా ఊలు బట్టలు, దూది బొంత కుట్టి ఇచ్చేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి, పండగలోపు కుట్టించుకోవాలి.

ఆ పేజీ నుంచి ఇప్పటికే కొన్నవాళ్ళుంటే, ఈ రాత్రే లేబుల్ కింద చూడండి. తెంపేముందు, తెంపుతూ, తెంపాక వీడియో తీసిపెట్టుకోండి. వాళ్ళు మిమ్మల్ని బ్లాక్ చేసేలోపే చాట్ స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన రసీదు దాచుకోండి.