సీఎల్16 మేలా, సీఎల్30 మేలా?

ఒక డీడీఆర్4 ర్యామ్ కిట్ మీద 3200 సీఎల్16 అని, దాని తర్వాతి తరం డీడీఆర్5 కిట్ మీద 6000 సీఎల్30 అని ఉంటుంది. సీఎల్ ఎంత తక్కువుంటే అంత మంచిదని విన్నవాళ్లకి ఇక్కడే తికమక. కొత్త తరం ర్యామ్ పాతదానికంటే నెమ్మదా?

కాదు. సీఎల్ (క్యాస్ లేటెన్సీ) టైం కాదు, క్లాక్ సైకిళ్ల లెక్క, అంటే ర్యామ్ నడకలో ఎన్ని అడుగులన్నది. ర్యామ్‌లో డేటా వరుసలుగా ఉంటుంది, అప్పటికే తెరిచి ఉన్న వరుసలోంచి డేటా అడిగాక మొదటి ముక్క రావడానికి ఎన్ని సైకిళ్లు పడతాయో అది చెబుతుంది. సైకిలే పొట్టిదైతే 30 కూడా ఇట్టే గడిచిపోతాయి. సీఎల్‌ని 2000తో గుణించి, స్పీడుతో (3200, 6000 అన్న అంకెతో) భాగించండి, నానోసెకన్లు వస్తాయి. 16 × 2000 ÷ 3200 = 10. 30 × 2000 ÷ 6000 = 10. రెండూ సమానం! అదే డీడీఆర్5 4800 సీఎల్40 అయితే 16.7. డీడీఆర్5 వచ్చిన కొత్తలో చాలామంది పాతదే నయం అన్నది ఊరికే కాదు. (సీఎల్ పక్కనుండే మిగతా అంకెలు వరుసని తెరవడానికి, తెరిచి ఉంచడానికి, మూయడానికి పట్టే సైకిళ్లు.)

అసలు తేడా బ్యాండ్‌విడ్త్‌లో, అంటే సెకనుకి ఎంత డేటా పంపగలదన్న దాంట్లో ఉంది. 3200 స్టిక్ సెకనుకి గరిష్ఠంగా 25.6 జీబీ ఇస్తే, 6000 స్టిక్ 48 జీబీ ఇస్తుంది. పైగా డీడీఆర్5లో 64 బిట్ల దారిని రెండు 32 బిట్ల దారులుగా విడగొట్టారు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే గేమ్స్ ఆడేవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. బ్రౌజర్, ఆఫీసు పనుల్లో పెద్దగా తెలియదు.

ఇప్పటికే డీడీఆర్4 సిస్టమ్ ఉంటే నేనైతే మార్చను. 8 జీబీని 16 చేస్తే వచ్చే హాయి తరం మారిస్తే రాదు. మార్చాలంటే మదర్‌బోర్డు కూడా మార్చాలి. రెండిటికీ 288 పిన్నులే ఉన్నా, స్టిక్ అంచున ఉండే గాటు వేరే చోట ఉంటుంది. కొత్తగా కట్టేవాళ్లు మాత్రం డీడీఆర్5 6000 సీఎల్30, అదీ రెండు స్టిక్కులే తీసుకోండి. నాలుగు పెడితే చాలా బోర్డుల్లో స్పీడు తగ్గించాల్సి వస్తుంది. ఏఎండీ ప్రాసెసర్లకి వచ్చే ఏఎం5 బోర్డయితే ఈ చర్చే లేదు, డీడీఆర్5 ఒక్కటే పడుతుంది.

ఏది కొన్నా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరవగలిగే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయండి, కిట్ మీద రాసిన స్పీడులో ర్యామ్‌ని నడిపేది అదే. నా 3200 కిట్ దాదాపు ఏడాది 2133 మీదే నడిచింది. ఒకరోజు టాస్క్ మేనేజర్‌లో వేరే దేనికోసమో వెతుకుతుంటే ఆ అంకె కంటపడింది.