హనుమకొండ, వరంగల్ వాసులకు హెచ్చరిక: నెట్టు తెగిపోతోందని రౌటర్ కొనేముందు మీ కనెక్షన్ ఎవరి నంబరు మీద ఉందో చూడండి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ ప్రాంతాల్లో వీధి కేబుల్ ఆపరేటర్ ద్వారా ఫైబర్ ఇంటర్నెట్ తీసుకుని ఏడాది డబ్బు ఒకేసారి కట్టబోతున్నవారు, నెట్టు మాటిమాటికీ పోతోందంటే ఆపరేటర్ సలహాతో కొత్త రౌటర్ కొనబోతున్నవారు ముందుగా ఒక పని చేయండి. కంపెనీ రికార్డుల్లో మీ కనెక్షన్ ఎవరి ఫోన్ నంబరు మీద నమోదై ఉందో కనుక్కోండి. మా ఇంట్లో నెలల తరబడి సాగిన ఇబ్బందికి సాంకేతిక కారణం చాలా చిన్నది. అది అన్నాళ్లూ బయటపడకపోవడానికి కారణం మాత్రం ఆ ఫోన్ నంబరే. వివాదం ఇంకా నడుస్తున్నందున ఆపరేటర్ పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పైగా వేరే కంపెనీల కనెక్షన్లలోనూ ఇదే పద్ధతి నడుస్తున్నట్టు మా కాలనీలోనే చూశాను.

మా ఇల్లు గోపాలపురం వైపు. అమ్మాయి హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది కాబట్టి నెట్టు రెండు నిమిషాలు పోయినా మీటింగు మధ్యలో ఆగిపోతుంది. పూర్తిగా పోయి ఉంటే ఎవరో ఒకరు వచ్చి బాగుచేసేవారు. ఇది కాసేపు పోయి, దానంతటదే తిరిగి వచ్చేది. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో, గాలి వీచినప్పుడు, చినుకులు పడ్డాక మరీ ఎక్కువగా పోయేది. లైన్‌మన్ వచ్చే సమయానికి అంతా బాగానే ఉండేది. అతను రౌటర్ పక్కనే నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపించి, "మంచిగనే వస్తంది కద సార్, మీ రౌటర్ పాతగయింది, డ్యూయల్ బ్యాండ్ది పెట్టుకుంటే సెట్టయితది" అనేవాడు. స్పీడ్ టెస్ట్ ఆ అర నిమిషంలో లైను ఎంత వేగంగా ఉందో మాత్రమే చెబుతుంది. గంటలో ఎన్నిసార్లు తెగుతోందో చెప్పదు. కనెక్షన్ తెగిపోతోందన్న ఫిర్యాదుకు వేగాన్ని జవాబుగా చూపిస్తే ఒప్పుకోకండి.

రౌటర్‌కు 2,800 రూపాయలు తీసుకున్నారు. బిల్లు అడిగితే "ఆఫీసుల ఇస్తరు" అన్నారు, ఆఫీసులో అడిగితే లైన్‌మన్ ఇస్తాడన్నారు. తీరా చూస్తే ఆ పెట్టె మీద కంపెనీ ముద్ర ఉంది, లోపలి సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ నెట్‌వర్కుకే తాళం వేసి ఉంది. రేపు కంపెనీ మారితే అది ఎందుకూ పనికిరాదు. ఇలాంటి పెట్టెలను కంపెనీలు సాధారణంగా డిపాజిట్ మీదనో ఉచితంగానో ఇస్తాయి. వాటిని సొంత సరుకులా నగదుకు అమ్ముతున్నారంటే రసీదు ఎందుకు రావడం లేదో వేరే చెప్పనక్కరలేదు. కొత్త పెట్టె పెట్టాక కూడా నెట్టు అలాగే పోయింది.

లోపం మన ఇంట్లో ఉందా, బయటి లైనులో ఉందా అనేది తేల్చడానికి పెద్ద చదువు అవసరం లేదు. కంప్యూటర్‌ను వైఫై మీద కాకుండా లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. రెండు కమాండ్ కిటికీలు తెరిచి, ఒకదానిలో రౌటర్ చిరునామాకు, అంటే చాలా ఇళ్లలో ఉండే 192.168.1.1కి, రెండోదానిలో బయటి ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ చిరునామా 8.8.8.8కి ఆగకుండా పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తోందో లేదో చూసే కమాండ్) నడవనివ్వండి; విండోస్‌లో కమాండ్ చివర హైఫన్, టీ అక్షరం చేర్చితే మనం ఆపేదాకా అది ఆగదు. నెట్టు పోయిన క్షణంలో రౌటర్ నుంచి జవాబులు వస్తూనే ఉండి, బయటి చిరునామా నుంచి మాత్రం ఆగిపోతే మీ వైఫైకీ గోడలకీ ఈ గొడవతో సంబంధం లేదు. మా ఇంట్లో ప్రతిసారీ అదే జరిగింది. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొడితే తెరుచుకునే లోపలి పేజీలో అది ఎంతసేపటి నుంచి వెలుగుతోందో కూడా కనిపిస్తుంది. ఆ సమయం మొదటికి రాకుండా నడుస్తూనే ఉంటే కరెంటు వల్లనో అడాప్టర్ వల్లనో పెట్టె ఆగి మళ్లీ మొదలవడం లేదని అర్థం.

ఆ తర్వాత చూడవలసింది కాంతి. ఫైబర్‌లో కరెంటు ఉండదు, కంపెనీ పెట్టె నుంచి మన ఇంటికి వచ్చేది 1490 నానోమీటర్ల లేజర్ కాంతి. అది కంటికి కనపడదు కాబట్టి ఊడదీసిన ఫైబర్ కొసను ఎవరూ కంటి ముందు పెట్టుకుని చూడకూడదు. ఎంత కాంతి అందుతోందో ఓఎన్‌టీ, అంటే ఇంట్లో ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె, లోపలి పేజీలో ఆప్టికల్ పవర్ అనే చోట డీబీఎంలలో, అంటే కాంతి బలాన్ని డెసిబెల్ లెక్కన చూపే కొలతలో ఉంటుంది. అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతుంది. 3 తేడా వస్తే కాంతి సగమైందని, 10 తేడా వస్తే పదో వంతే మిగిలిందని లెక్క. సాధారణంగా వాడే ఓఎన్‌టీలు మైనస్ 27 దాటితే నమ్మకంగా పనిచేయవు. కాంతి అందడం లేదని చెప్పే ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలవుతుంది. కాంతిని 8 ఇళ్లకు పంచే స్ప్లిటర్ ఒక్కటే దాదాపు 10 డెసిబెల్స్ తినేస్తుంది, అలాంటివి రెండు దశల్లో పెడతారు. కిలోమీటరు తీగలో పోయేది మాత్రం అర డెసిబెల్ కూడా ఉండదు. అందుకే దూరం ఎక్కువ కాబట్టి సిగ్నల్ తగ్గిందని ఆపరేటర్ అంటే వెంటనే నమ్మకండి. మామూలుగా నష్టం జరిగేది అతుకుల దగ్గర, మడతల దగ్గర.

మా పెట్టెలో ఉదయం మైనస్ 24 ఉండేది, మధ్యాహ్నానికి 26 అయ్యేది, నెట్టు పోయేముందు 29కి చేరేది. ఆ తెరలను తేదీ, సమయం కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకున్నాను. తర్వాత తేలిందేమిటంటే, కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు వీధి చివర ఉన్న పెట్టె నుంచి తాజా తీగ లాగకుండా, వెనుక వీధిలో ఎవరో మానేసిన పాత తీగకు మా తీగను అతికించారు. ఆ అతుకును మిషన్ పెట్టి కరిగించి కలపలేదు, చేత్తో బిగించే చిన్న కనెక్టరు పెట్టి పైన నల్ల టేపు చుట్టారు. అక్కడికి చాలదన్నట్టు మా పిట్టగోడ దగ్గర ఆకుపచ్చ కొస ఉన్న కనెక్టరును నీలం కొస ఉన్నదానికి గుచ్చారు. ఆకుపచ్చదాని కొస ఏటవాలుగా, నీలందాని కొస తిన్నగా చెక్కి ఉంటాయి కాబట్టి అవి ఒకదానికొకటి పూర్తిగా ఆనవు, కాంతి అక్కడే చెదిరిపోతుంది. మన ఊళ్లో కోతుల బెడద ఎంతో అందరికీ తెలిసిందే. అవి తీగ పట్టుకుని ఊగిన ప్రతిసారీ ఆ బలహీనమైన అతుకు కాస్త కదిలేది. పాపం, లైన్‌మన్ నిందంతా ఆ కోతుల మీదే వేశాడు. సరిగా కలిపిన తీగ కోతులు కొరికితే తప్ప తెగదు.

ఇక అసలు విషయం. నేను చేసిన ప్రతి ఫోనూ ఆపరేటర్ సొంత నంబరుకే వెళ్లింది. విసిగిపోయి నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కు చేస్తే, నా నంబరు మీద కనెక్షనే లేదన్నారు. ఓఎన్‌టీ వెనుక ఉన్న సీరియల్ నంబరు చెప్పి వెతికించాక, చిరునామా మాదే ఉంది, నమోదైన మొబైల్ నంబరు మాత్రం ఆపరేటర్ మనిషిదని తేలింది. ఫిర్యాదు పరిష్కారమైందా అని కంపెనీ పంపే సందేశాలు, పరిష్కారమైందని ధ్రువీకరించే ఓటీపీలు అన్నీ అతనికే చేరేవి, అతనే సరేనని ముగించేవాడు. కంపెనీ లెక్కలో మా ఇంటి ఫిర్యాదులన్నీ ఎప్పటికప్పుడు చక్కగా తీరిపోయాయి! ప్లాన్ ధరలో కూడా తేడా కనిపించింది. ఏడాదికని డబ్బు తీసుకుని, కంపెనీకి మూడేసి నెలలకు కడుతూ వచ్చారు. మధ్యలో ఆపరేటర్ చేతులెత్తేస్తే మిగిలిన నెలల డబ్బుకు కంపెనీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

గుర్తింపు పత్రాలు ఇచ్చి నంబరు మార్పించుకున్నాక, కాంతి అంకెల ఫోటోలు జతచేసి కొత్త ఫిర్యాదు పెట్టాను. ఈసారి కంపెనీ ఇంజినీరే పవర్ మీటరుతో, స్ప్లైసింగ్ మిషన్‌తో వచ్చాడు. పాత తీగ ముక్కను తీసేసి, అతుకును కరిగించి కలిపి, కనెక్టరు మార్చేసరికి అంకె మైనస్ 19కి వచ్చింది. పాత రౌటర్‌నే తిరిగి పెట్టి చూస్తే అది కూడా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది.

అందరి ఇళ్లలోనూ లోపం లైనులోనే ఉంటుందని నేను అనడం లేదు. పింగ్ పరీక్షలో రౌటర్ నుంచే జవాబులు ఆగిపోతే, లేదా లాన్ కేబుల్ మీద బాగుండి వైఫై మీద మాత్రమే పోతుంటే ఆపరేటర్‌ను తప్పుపట్టి లాభం లేదు. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద పక్కింటి రౌటర్లన్నీ కిక్కిరిసి ఉంటాయి; 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నదానికి మారడమో, 5 గిగాహెర్ట్జ్ వాడడమో చేయాలి. నీరసించిన 12 వోల్టుల అడాప్టర్ వల్ల పెట్టె తనంతట తానే ఆగి మొదలవడం కూడా మామూలే.

కొత్తగా తీసుకునేవారు డబ్బు కట్టకముందే తమ సొంత నంబరుతో కంపెనీ యాప్‌లో లాగిన్ అయి, కట్టిన వెంటనే ప్లాన్ ముగిసే తేదీ అక్కడ ఎంత చూపిస్తోందో చూసుకోవాలి. కనెక్షన్ పెట్టిన రోజే కాంతి అంకెను లైన్‌మన్ ఎదుటే చదివించి రాసుకోవాలి. మైనస్ 25 దాటి ఉంటే సంతకం పెట్టకండి, వానాకాలంలో అది ఇంకా దిగజారుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ కంపెనీ డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదు గుర్తింపు సంఖ్య, ఇవ్వాలి. ఆపరేటర్ వాట్సాప్‌లో పంపే "సరే సార్" దానికి బదులు కాదు. పరిష్కారం సరిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ తనంతట తాను ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు కాబట్టి అక్కడికి రాసి ఎదురుచూస్తూ కాలం పోగొట్టుకోకండి. డబ్బుకు సంబంధించిన గొడవకు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు. రౌటర్‌కు తీసుకున్న 2,800 రూపాయల విషయంలో నేను ప్రస్తుతం హెల్ప్‌లైన్ దశలో ఉన్నాను. ఆపరేటర్ మాత్రం ఆ పెట్టెను వెనక్కి ఇచ్చేస్తే చూద్దామంటున్నాడు. పెట్టె అందినట్టు సీరియల్ నంబరుతో సహా రాసి సంతకం చేసి ఇస్తే తప్ప దాన్ని ఇంటి గడప దాటించేది లేదని చెప్పాను.