రేడియాలజీ వాళ్ల కోసం మెడికల్ ఇంగ్లీష్ కోర్సు: 12 వారాలు చేశాక చెప్తున్నా

ముందే చెప్పేస్తాను, ఈ కోర్సు చేయమనే చెప్తా, కానీ మొత్తం అక్కర్లేదు. రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీ చదివేవాళ్ల కోసమే తయారుచేసిన 12 వారాల ఆన్‌లైన్ కోర్సు ఇది. అందులో పేషెంట్ రికార్డుల మీద ఉన్న 4 వారాలు బంగారం. మాట్లాడటం నేర్పే భాగం మాత్రం ఇప్పుడున్న తీరులో పనికిరాదు, ఎందుకో కింద రాశాను. కోర్సు పేరు కావాలనే రాయట్లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి, మీరు ఏది తీసుకున్నా ముందు చూసుకోవాల్సినవి ఇవే.

నేను ఎందుకు చేరానంటే, క్లినికల్ పోస్టింగ్ మొదటి నెలలో ఒక పేషెంట్ ఫారంలో "డినైస్ చెస్ట్ పెయిన్" అని ఉంది. డినై అంటే ఒప్పుకోకపోవడం అని స్కూల్లో నేర్చుకున్నాం కదా, ఆయనకి నొప్పి ఉండి కూడా చెప్పట్లేదేమో అనుకుని పక్కనున్న సీనియర్‌తో "ఈయన నొప్పి దాస్తున్నారట అక్కా" అన్నాను. తను ఫారం తీసుకుని చూసి "దాచడం కాదమ్మా, నొప్పి ఉందా అని అడిగితే లేదన్నారని అర్థం" అని చెప్పింది. ఆ రోజు ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. కానీ ఇంకెన్ని మాటలు ఇలా తప్పుగా చదివేస్తున్నానో అని ఇంటికొచ్చాక కూడా టెన్షన్ తగ్గలేదు.

ఈ కోర్సు నాకు నేర్పిన అసలు విషయం కూడా అదే. పెద్ద మాటలు భయపెడతాయి గానీ మోసం చేయవు. కోలాంజియోపాంక్రియాటోగ్రఫీ అని కనబడితే మనకి తెలియదని మనకే తెలుస్తుంది, ఆగి వెతుక్కుంటాం. ముక్కలు చేసుకుంటే తేలిపోతుంది కూడా: కోల్ అంటే పిత్తం, ఆంజియో అంటే నాళం, పాంక్రియాస్ సంగతి తెలిసిందే, గ్రఫీ అంటే బొమ్మ తీయడం. అదే చిన్న మాట అయితే, చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే కదా అని ఆగకుండా దాటేస్తాం, దెబ్బ తగిలేది అక్కడే. అన్‌రిమార్కబుల్ అంటే నార్మల్ అని, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని. అక్యూట్ అంటే తీవ్రమైనది అని కాదు, ఈమధ్యే మొదలైనది అని, క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది అని. టెండర్‌నెస్ అంటే నొక్కితే నొప్పి. ఇన్‌సల్ట్ అంటే అవమానం కాదు, శరీరభాగానికి తగిలిన దెబ్బ, ఇస్కీమిక్ ఇన్‌సల్ట్ అంటే రక్తం అందక జరిగిన నష్టం. పాజిటివ్ అని రిపోర్టు వస్తే మంచిదనుకుని సంతోషపడే పేషెంట్లు ఉంటారు, వాళ్లకి మన భాషలో చెప్పాలంటే ముందు ఆ మాట మనకి తెలిసి ఉండాలి.

ఇక "నో" గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే తెలుగులో ఆలోచించేవాళ్లకి ఇది పెద్ద గొయ్యి. మన భాషలో లేదు అన్నది చివర్న వస్తుంది, నీరు చేరలేదు, ఎముక విరగలేదు, ప్రతిదానికీ దాని లేదు దాని వెనకే ఉంటుంది. రిపోర్టు ఇంగ్లీష్‌లో ఒక్క నో వాక్యం మొదట్లో నిలబడి, తర్వాత వచ్చే నాలుగైదింటినీ ఒకేసారి కొట్టేస్తుంది. "నో ప్లూరల్ ఎఫ్యూజన్, న్యూమోథొరాక్స్ ఆర్ ఫోకల్ కన్సాలిడేషన్" (ఊపిరితిత్తి చుట్టూ నీరు లేదు, గాలి చేరలేదు, ఊపిరితిత్తిలో ఒకచోట గట్టిపడటమూ లేదు) అన్న వాక్యంలో మూడో మాటకి వచ్చేసరికి మొదటి నో నా బుర్రలోంచి జారిపోయింది, ఎక్సర్‌సైజులో కన్సాలిడేషన్ ఉందని రాసేశాను. దీనికి కోర్సులో ఇచ్చిన పద్ధతి చాలా సింపుల్. 20 రిపోర్టులు ఇస్తారు, ఉన్నవాటికి ఎర్ర రంగు, లేనివాటికి నీలం రంగు వేయాలి, అంతే. మొదటి ఐదూ బాగానే వేశాను. ఆ తర్వాత "నో న్యూ నాడ్యూల్" అని వచ్చింది, నాడ్యూల్ అంటే చిన్న గుండ్రటి ముద్ద. కొత్త నాడ్యూల్ లేదన్నారు గానీ, పాతది లేదని అనలేదు కదా! ఇంకోచోట "నో ఛేంజ్ ఇన్ ద నాడ్యూల్" అని ఉంది, అంటే నాడ్యూల్ ఉంది, మారలేదు అంతే. నో కనబడగానే నీలం వేసే అలవాటు అక్కడ తెగిపోయింది. వాయిస్ సాఫ్ట్‌వేర్‌తో రిపోర్టు చెప్పేటప్పుడు ఈ నో ఒక్కటి ఎగిరిపోతే అర్థం మొత్తం తల్లకిందులవుతుందని, అందుకే సంతకానికి ముందు రిపోర్టు మళ్లీ చదవాలని కూడా ఈ పాఠంలోనే చెప్పారు.

పదాల భాగంలో నాకు బాగా నచ్చింది తెలుపు-నలుపు పాఠం. బొమ్మలో తెల్లగా కనబడినదాన్ని ఎక్స్‌రేలో ఒపాసిటీ అంటారు, సీటీలో హైపర్‌డెన్స్, ఎంఆర్‌ఐలో హైపర్‌ఇంటెన్స్, అల్ట్రాసౌండ్‌లో హైపర్‌ఎకోయిక్. నాలుగు పేర్లు ఎందుకో ఎవరూ చెప్పకపోతే బట్టీ పట్టడమే గతి. వీళ్లు ఒకే సిస్టుని, అంటే లోపల మామూలు నీరున్న తిత్తిని, మూడు మెషీన్లలో పక్కపక్కన పెట్టి చూపించారు. సీటీలో అది చుట్టూ ఉన్న కండ కంటే ముదురుగా ఉంది, ఎందుకంటే సీటీ వాడే హౌన్స్‌ఫీల్డ్ అనే కొలమానంలో నీరు 0, గాలి మైనస్ 1000, మెత్తటి కణజాలం నీటి కంటే కాస్త పైన. టీ2 అనే రకం ఎంఆర్‌ఐ బొమ్మలో అదే నీరు తెల్లగా వెలిగిపోతోంది. అల్ట్రాసౌండ్‌లో పూర్తి నలుపు, ఎనెకోయిక్, లోపలినుంచి శబ్దాన్ని వెనక్కి పంపేది ఏమీ లేదు కాబట్టి. సీటీ ఎక్స్‌రే ఎంత ఆగిందో కొలుస్తుంది, ఎంఆర్‌ఐ సిగ్నల్ బలం చూస్తుంది, అల్ట్రాసౌండ్ ప్రతిధ్వని వింటుంది, మరి మాట వేరుగా ఉండక తప్పుతుందా! ఆ ఒక్క స్లైడ్ చూశాక డెన్స్, ఇంటెన్స్ నేను మళ్లీ కలిపేసుకోలేదు.

ఒకేలా వినబడే మాటల పాఠం కూడా బాగుంది, కానీ చిన్నది. ఇలియం అని తెలుగులో రాస్తే రెండూ ఒకటే, ఇంగ్లీష్‌లో నడిమి అక్షరం ఐ అయితే తుంటి ఎముక, ఈ అయితే చిన్నపేగు చివరి భాగం. ఇలాంటివి ఇంకా చాలా ఇచ్చి ఉండాల్సింది.

రికార్డుల 4 వారాల దగ్గరికి వస్తే, అక్కడ ఇచ్చినవి అన్నీ కల్పిత రికార్డులే కానీ అచ్చం నిజమైన ఫారాల్లా ఉన్నాయి, సగం కొట్టివేతలు, సగం పొట్టి రూపాలు. ఒకటి నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. 65 ఏళ్ల మనిషి, సీ/ఓ ఎస్ఓబీ, అంటే ఊపిరి ఆడట్లేదని వచ్చారు. హెచ్/ఓ, అంటే పాత హిస్టరీ, అని గుండె బైపాస్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ అనే మందు. కింద "పీఈ: బైబేసల్ క్రెప్స్" అని ఉంది, అంటే రెండు ఊపిరితిత్తుల అడుగున చిటపట శబ్దాలు. ఇంకో మూడు లైన్ల కింద "ఆర్/ఓ పీఈ" అని ఉంది. మొదటి పీఈ ఫిజికల్ ఎగ్జామినేషన్. రెండోది పల్మనరీ ఎంబాలిజం, ఊపిరితిత్తి రక్తనాళంలో రక్తపు గడ్డ. ప్లూరల్ ఎఫ్యూజన్‌ని కూడా పీఈ అనే రాసేవాళ్లున్నారు, అప్పుడు తీయాల్సిన బొమ్మే వేరు. ఆర్/ఓ అంటే రూల్ అవుట్, దాన్ని "లేదని తేలింది" అని చదివితే కథ ముగిసినట్టే, "ఉందో లేదో తేల్చండి" అని అర్థం. ఆ గడ్డ కోసం అయితే కాంట్రాస్ట్ (రక్తనాళాలు బొమ్మలో తేటగా కనబడటానికి ఎక్కించే మందు) ఇచ్చి సీటీ తీయాలి, అంటే కిడ్నీ పనితీరు, అలర్జీ, మెట్‌ఫార్మిన్ సంగతి ఆ రికార్డులోనే వెతికి పట్టుకోవాలి. ఒక పేజీలో ఇన్ని ముడులు వేసి మనచేత ఒక్కోటీ విప్పిస్తారు. ఈ ఎక్సర్‌సైజుకి నాకు గంటన్నర పట్టింది, ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు.

ఇంకో రికార్డులో కుడి మోకాలి ఎక్స్‌రే అడిగారు, హిస్టరీలో మాత్రం ఎడమ మోకాలి నొప్పి అని ఉంది. ఏది సరైనదో మనం ఊహించకూడదు, పంపిన డాక్టర్‌ని అడగాలి. ఫోన్‌లో ఏమనాలో కూడా నేర్పారు: "ఐ యామ్ కాలింగ్ టు కన్ఫర్మ్ ద సైడ్ ఫర్ ద నీ ఎక్స్‌రే." పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేసి మీరు రాసింది తప్పు అనడానికి మనకి నోరు రాదు. ఈ వాక్యంలో తప్పు అన్న మాటే లేదు, అడగాల్సింది మాత్రం సూటిగా అడుగుతోంది. పోస్టింగ్‌లో ఇప్పటికి మూడుసార్లు వాడాను, మూడుసార్లూ అవతలివాళ్లు మామూలుగానే సమాధానం చెప్పారు.

అంకెల గురించి ఒక విషయం నాకు ఇక్కడే తెలిసింది. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2004లో వాడకూడని సంక్షిప్తాల జాబితా తెచ్చింది. దాని ప్రకారం మందు డోసులో 1.0 అని రాయకూడదు, చుక్క కనబడకపోతే 10 అయిపోతుంది. అలాగే చుక్క ముందు సున్నా వదిలేయకూడదు. కానీ స్కాన్‌లో గడ్డ సైజు 1.0 సెంటీమీటర్ అని రాయొచ్చు, అక్కడ ఆ సున్నా కొలత ఎంత కచ్చితంగా తీశారో చెప్తుంది. రూల్ చెప్పి వదిలేయకుండా, రేడియాలజీకి ఎక్కడ మినహాయింపు ఉందో కూడా చెప్పారు చూడండి, అది నచ్చింది. తేదీల గొడవ కూడా ఉంది, 03/04 అంటే ఏప్రిల్ 3 అనాలా మార్చి 4 అనాలా? డైకామ్ ఫైల్ (స్కాన్ బొమ్మలు దాచే ఫైల్) లోపల తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో 8 అంకెలుగా ఉంటుంది కాబట్టి అనుమానం వస్తే అక్కడ చూసుకోవచ్చు.

ప్రైవసీ పాఠం అందరూ దాటేస్తారు, దయచేసి దాటేయకండి. అర్థం కాని రికార్డుని ఫోటో తీసి ట్రాన్స్‌లేషన్ యాప్‌లో పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది పేషెంట్ సొంత విషయం, మనకి ఇంగ్లీష్ రాకపోవడం దాన్ని బయటపెట్టడానికి కారణం కాకూడదు. ఇంకోటి, ఫైల్ హెడర్‌లో పేరు తీసేస్తే సరిపోదు, అల్ట్రాసౌండ్ బొమ్మల్లో పేరు బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది, దాన్ని విడిగా చెరపాలి.

ఇప్పుడు బాగోలేనివి. మాట్లాడటం నేర్పే భాగంలో మైక్‌లో పదం పలకాలి, సరిగ్గా పలికితే పచ్చ టిక్కు వస్తుంది. హైపోడెన్స్ (సీటీలో ముదురుగా కనబడేది) అని స్క్రీన్ మీద ఉన్నప్పుడు పొరపాటున హైపర్‌డెన్స్ అన్నాను, పచ్చ టిక్కు వచ్చింది. అనుమానమొచ్చి కావాలనే పదిసార్లు మార్చి మార్చి పలికాను, ఎనిమిదిసార్లు పచ్చే. తలకి దెబ్బ తగిలినవాళ్ల సీటీలో తాజా రక్తస్రావం సాధారణంగా హైపర్‌డెన్స్‌గా కనబడుతుంది, అంటే ఆ రెండు ముక్కల మధ్య ఒక మనిషి ప్రాణం ఉండొచ్చు. ఆ తేడా పట్టుకోలేని యాప్ ఏమీ లేకపోవడం కంటే ప్రమాదం, మనం సరిగ్గానే పలుకుతున్నామని నమ్మిస్తుంది కాబట్టి. వాళ్లకి మెయిల్ రాశాను, చూస్తామని జవాబు వచ్చింది, నా కోర్సు అయిపోయేవరకు మాత్రం ఏమీ మారలేదు.

నమూనా ఛాతీ రిపోర్టుల్లో ఊపిరితిత్తిలో కనబడే మచ్చలకి ఇన్‌ఫిల్ట్రేట్ అన్న మాట చాలాచోట్ల వాడారు. ఛాతీ ఇమేజింగ్ నిపుణుల సంఘం ఫ్లైష్నర్ సొసైటీ 2008 పదకోశంలోనే ఆ మాట వాడొద్దని సూచించింది, ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు కాబట్టి ఒపాసిటీ అనమంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పాత మాట నేర్పి, తర్వాత మర్చిపోమనడం ఎందుకు?

పేషెంట్‌తో మాట్లాడే పాఠం ఒకే ఒక్క వారం, అది చాలదు. ఉన్న కాస్తలో ఒకటి మాత్రం నాకు బాగా పనికొచ్చింది, "ఆర్ యూ ప్రెగ్నెంట్" అని అడక్కుండా "ఈజ్ దేర్ ఎనీ ఛాన్స్ యూ కుడ్ బీ ప్రెగ్నెంట్" అని అడగమన్నారు. మొదటిదానికి తెలియకపోయినా నో అనేస్తారు, రెండోది వింటే ఆగి ఆలోచిస్తారు. ఊపిరి బిగబట్టమని చెప్పి, బొమ్మ తీశాక మళ్లీ "బ్రీద్ నార్మల్లీ" అనడం మర్చిపోవద్దని కూడా చెప్పారు. ఇలాంటివి ఇంకో పది ఇచ్చి ఉంటే ఆ భాగాన్ని కూడా పొగిడేదాన్ని.

చేరేవాళ్లకి నా సలహా, రికార్డుల వారాలకి రోజుకి గంట పెట్టుకోండి, మైక్ ఎక్సర్‌సైజులు వదిలేసి ఆ టైమ్‌లో సీనియర్ ఎవరినైనా కూర్చోబెట్టుకుని గట్టిగా చదివి వినిపించండి. చిన్న మాటల కోసం విడిగా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. నా దాంట్లో ఇప్పటికి 140 దాకా అయ్యాయి. నిన్న చేరింది స్టేబుల్, రిపోర్టులో అది బాగుందని చెప్పే మాట కాదు, పోయినసారి ఎలా ఉందో ఈసారీ అలాగే ఉందని చెప్పే మాట. దాని పక్కనే, పోయినసారి బొమ్మ ఏ తేదీదో చూడాలి అని రాసుకున్నాను.